విరిగింది మా ఆయన చెయ్యి, పెద్ద కేసు మా మీద

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది కోనసీమలో కాలువ శివారు ఊరు. ఎకరన్నర వరి చేను ఉంది. మా ఆయన వ్యవసాయంతోపాటు కొబ్బరి దింపుకు కూడా వెళ్తారు. ఈ దాళ్వాకు (రెండో పంటకు) నీళ్లు వంతులవారీగా ఇస్తున్నారు. మా వంతు నాటి రాత్రి మా బావగారు (మా ఆయనకు పెదనాన్న కొడుకు) బోదె (పొలం కాలువ) గట్టు తెగ్గొట్టి నీళ్లు తమ చేలోకి మళ్లించుకున్నారు. తెల్లవారి గడ్డికి వెళ్లిన మా ఆయన అది చూసి నిలదీశారు. మాటా మాటా పెరిగి బావగారు పారతో కొట్టారు. మా ఆయన ఎడమ చెయ్యి విరిగింది. ఆ తరువాత మా ఆయన చేతిలోని కొడవలి తగిలి బావగారి అరచేయి తెగింది, మూడు కుట్లు పడ్డాయి. వాళ్లు నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి, అక్కడి నుంచి స్టేషనుకు వెళ్లారు. మేము చెయ్యి కట్టించుకోవడానికి కట్టు కట్టే ఆయన దగ్గరకు వెళ్లి, మర్నాడు స్టేషనుకు వెళ్లాం. ఆరో రోజు వాపు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాం. ఎముక విరిగిందన్నారు. ఇప్పుడు మా ఆయన మీద నాన్ బెయిలబుల్ కేసు ఉంది. మా ఫిర్యాదు మాత్రం చిన్న కేసు అని డైరీలో రాసుకుని వదిలేశారట. ఇదెక్కడి న్యాయం? హత్యాయత్నం అని రాయిస్తే గానీ కేసు నిలవదని మా తమ్ముడు అంటున్నాడు. పెద్దమనుషులు నలభై వేలు ఇప్పిస్తాం, రెండు కేసులూ ‘వాపసు’ తీసుకోండి అంటున్నారు. తోడికోడలు నాతో మాట్లాడటం మానేసింది. నేను వాళ్ల ఇంటికి వెళ్లవచ్చా? (ఒక సోదరి, కోనసీమ)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీలాగే నాకూ కోపం వచ్చింది. రెండోసారి చదివినప్పుడు మాత్రం మీరు పోగొట్టుకున్నది న్యాయం కాదనీ, ఆరు రోజులనీ అర్థమైంది. ఆ ఆరు రోజులను చాలావరకు తిరిగి సంపాదించుకోవచ్చు. ఎలాగో చెబుతాను.

ముందు మీకు విడ్డూరంగా తోచిన విషయం. విరిగిన చెయ్యి చిన్న కేసు, తెగిన అరచేయి పెద్ద కేసు ఎలా అయ్యాయి? చట్టం ఇక్కడ రెండు ప్రశ్నలు విడివిడిగా వేస్తుంది. గాయం ఎంతటిది? దేనితో చేశారు? పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టి నాలుగు గదులు ఉన్నాయి. మామూలు గాయం, ఆయుధం లేదు: సెక్షను 115(2), ఏడాది వరకు జైలు. తీవ్ర గాయం, ఆయుధం లేదు: 117(2), ఏడేళ్ల వరకు. మామూలు గాయమే గానీ ప్రమాదకరమైన ఆయుధంతో: 118(1), మూడేళ్ల వరకు. తీవ్ర గాయం, అదీ ఆయుధంతో: 118(2), తక్కువలో తక్కువ ఏడాది, ఎక్కువైతే పదేళ్లు లేదా యావజ్జీవం.

ఇక తమాషా చూడండి. 117(2)కు ఏడేళ్ల శిక్ష ఉన్నా అది బెయిలబుల్. 118(1)కు మూడేళ్లే గానీ నాన్ బెయిలబుల్. పిడికిలితో దవడ ఎముక విరగ్గొట్టినవాడికి బెయిలు హక్కుగా వస్తుంది. కొడవలితో వేలు కోసినవాడు కోర్టును బెయిలు అడుక్కోవాలి. దీన్ని నేను సమర్థించను. కోసే పనిముట్టు చేతిలో ఉన్నవాడు ఇంకో అంగుళం జరిగితే ఏమయ్యేదో అన్న భయం ఈ సెక్షను వెనక ఉంది, అంతే. మీ బావగారు మూడు కుట్లు చూపించి కొడవలి అని చెప్పారు. 118(1) పడింది. మీ ఆయన వాచిన చెయ్యి చూపించారు. అప్పటికి ఎక్స్‌రే లేదు, కాబట్టి అది మామూలు గాయం. పార సంగతి మీ ఫిర్యాదులో ఏమని రాశారో నాకు తెలియదు. ఉత్త దెబ్బ అనే రాసుకుంటే అది 115(2) కింద నాన్ కాగ్నిజబుల్ అవుతుంది. అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. డైరీలో ఎక్కించి వదిలేయడం అందుకే. స్టేషను వాళ్లు పక్షపాతం చూపారో లేదో నేను చెప్పలేను గానీ, ఆనాటి కాగితాల మీద ఆ రెండు సెక్షన్లే పడతాయి.

ఇప్పుడు మీ చేతిలో ఎక్స్‌రే ఉంది. లెక్క మారింది.

తీవ్ర గాయం అంటే ఏమిటో సెక్షను 116 ఎనిమిది రకాలుగా చెబుతుంది. పుంసత్వం పోవడం, కన్ను పోవడం, చెవి పోవడం, అవయవమో కీలో పోవడం, అవయవం శాశ్వతంగా పనిచేయకుండా కావడం, తలకో ముఖానికో శాశ్వతమైన వికారం మొదటి ఆరు. ఏడోది మీది: ఎముక గానీ పన్ను గానీ విరగడం, లేదా స్థానం తప్పడం. అవును, పన్ను కూడా. కోర్టు వరండాల్లో దీన్ని ‘గ్రీవియస్’ అంటారు, మిగతాదంతా ‘సింపుల్’. ఎముక రెండు ముక్కలు కావాలనేమీ లేదు. బీట పడినా, అంచు చిట్లినా విరిగినట్టేనని సుప్రీంకోర్టు ఎన్నడో హోరీలాల్ కేసులో చెప్పింది. ఎనిమిదోది ప్రాణం మీదికి తెచ్చిన గాయం, లేదా పదిహేను రోజులపాటు తీవ్రమైన నొప్పితో ఉంచిన, లేదా మనిషిని రోజువారీ పనులు చేసుకోనివ్వని గాయం. పాత శిక్షాస్మృతిలో ఇది ఇరవై రోజులు ఉండేది. కొత్త చట్టం అయిదు రోజులు తగ్గించింది. మీ ఊళ్లో ఎవరైనా ఇంకా ఇరవై రోజులంటూ ఉంటే పాత పుస్తకం చదువుతున్నారన్నమాట.

ఎముక విరిగింది కదా, పదిహేను రోజుల గొడవ మనకెందుకు అని మీరు అనవచ్చు. ఎందుకంటే విచారణ ఎప్పుడో జరుగుతుంది. అప్పటికి ఫిల్ము దొరకకపోతే, ఎక్స్‌రే తీసిన వైద్యుడు సాక్ష్యానికి రాకపోతే, ఏడో రకం కూలిపోవచ్చు. అప్పుడు ఎనిమిదో రకం ఆసరా. దానికి మీ ఆయన ఎన్నాళ్లు చెట్టు ఎక్కలేదో చూపించాలి. దింపు కూలి లెక్క రాసే కొబ్బరి వ్యాపారి దగ్గర పుస్తకం ఉంటుంది. అందులో ఏ తేదీ వరకు మీ ఆయన పేరు ఉందో, మళ్లీ ఏ తేదీ నుంచి కనబడుతోందో ఇప్పుడే చూసి ఆ పేజీలు ఫోటో తీసి పెట్టుకోండి. ఆసుపత్రి మంచం మీద ఎన్ని రోజులు పడుకున్నారన్నది అంత ముఖ్యం కాదు. పనికి వెళ్లలేకపోయారా అన్నదే ప్రశ్న.

ఫిల్ము గురించి మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. చాలా ఏళ్ల కిందట నా కక్షిదారు ఒకాయన పక్కటెముక విరిగిన ఎక్స్‌రేను భద్రంగా చూరులో దోపాడు. రెండు వర్షాకాలాల తరువాత తీసుకొస్తే కవరుకు అతుక్కుపోయి ఉంది. విప్పబోతే పొర ఊడి వచ్చింది. మిగిలిన ఫిల్ము మీద ఎముక లేదు, బూజు మాత్రం చక్కగా కనబడింది. ముద్దాయి విడుదలయ్యాడు. మన డెల్టా తేమలో కాగితమూ ఫిల్మూ నిలవవు. మీ ఫిల్ము మీద మీ ఆయన పేరు, తేదీ, నంబరు ఉన్నాయో లేదో చూడండి. డిజిటల్‌గా తీసి ఉంటే ఆ ఫైలు కాపీ కూడా అడగండి. ఎక్స్‌రే ప్రైవేటులో తీయించి ఉంటే అసలు ఫిల్ముతో వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి గాయం నమోదు చేయించుకోండి. అక్కడి వైద్యుడు పరీక్షించి ఇచ్చే గాయం సర్టిఫికెట్టే (పోలీసులు వూండ్ సర్టిఫికెట్ అనేది ఇదే) కేసుకు వెన్నెముక.

ఆరు రోజుల ఆలస్యాన్ని అవతలి లాయరు వదలడు. ఈ మధ్యలో చెట్టు మీంచి పడి విరగ్గొట్టుకున్నాడు అంటాడు, చూడండి. దింపు పనివాడి మీద ఆ మాట ఇట్టే అతుకుతుంది. దానికి జవాబు ఎముకలోనే ఉండవచ్చు. ముంజేతిలో రెండు ఎముకలు ఉంటాయి. తలకు తగలబోయే దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టినప్పుడు సాధారణంగా చిటికెన వేలి వైపు ఎముక నడిమి భాగంలో విరుగుతుంది. కింద పడి అరచేయి నేలకు ఆనించినప్పుడు ఎక్కువగా బొటనవేలి వైపు ఎముక మణికట్టు దగ్గర విరుగుతుంది. మీ ఆయనకు ఎక్కడ విరిగిందో మీరు రాయలేదు. మొదటి రకమైతే సర్టిఫికెట్టులో ఏ ఎముక, ఏ భాగం అన్నది స్పష్టంగా ఉండేలా అడగండి. మొద్దుబారిన వస్తువుతో కొట్టిన దెబ్బ వల్ల అలా విరగవచ్చా అన్నది కూడా వైద్యుడు చెప్పగలడు. ఇంకొకటి, విరిగిన చోట కొత్త ఎముక పొర ఎక్స్‌రేలో కనబడటానికి మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. ఆరో రోజు ఫిల్ములో అది లేకపోతే, ఇది పాత విరుగు కాదని చెప్పడానికి పనికొస్తుంది.

కట్టు కట్టించుకున్నందుకు సిగ్గుపడి దాచకండి. మొదట ఆయన దగ్గరకే వెళ్లామని అర్జీలో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ రోజే వాచిన చెయ్యి చూసి వెదురు బద్దలు పెట్టి కట్టిన మనిషి మీకు మంచి సాక్షి. చెట్టు మీంచి పడ్డాడన్న కథకు ఆయన ఒక్క మాట చాలు.

ఇక స్టేషనులో చేయవలసింది. ఎక్స్‌రే నివేదిక నకలు, గాయం నమోదు వివరాలు జతచేసి స్టేషను అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. తీవ్ర గాయం కాగ్నిజబుల్ నేరం, కాబట్టి ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. ఇది వాళ్ల ఇష్టాయిష్టాల మీద ఆధారపడినది కాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో తేల్చింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో ముందస్తు విచారణకు కొత్త చట్టం పద్నాలుగు రోజులు ఇచ్చింది గానీ, మీ కేసు ఆ కొలతలో పడదు. 117(2)కు ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నమోదు చేయకపోతే అదే అర్జీ జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. రసీదు దాచండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. ఈ మెట్లన్నీ భారతీయ నాగరిక సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు నడుచుకునే పద్ధతి చెప్పే చట్టం) 173, 175 సెక్షన్లలో ఉన్నాయి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

పార విషయంలో మీ ఆయన ఒక ప్రశ్నకు నిజం చెప్పాలి. తగిలింది ఇనుమా, కామా (కర్ర పిడా)? పార తిరగేసి కామతో కొట్టడానికీ, ఇనుప రేకుతో కొట్టడానికీ చట్టంలో చాలా దూరం ఉంది. పొడవడానికి, కోయడానికి పనికొచ్చే సాధనం గానీ, ఆయుధంగా వాడితే ప్రాణం తీయగల వస్తువు గానీ అయితేనే 118 వర్తిస్తుంది. ప్రతి వస్తువూ దానంతటదే ప్రమాదకర ఆయుధం కాదు. దాని సైజు, పదును, వాడిన తీరు చూడాలని 2005లో మత్తాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ వస్తువు ఒక బండరాయి. ఆయుధమని తేలనందున శిక్షను తీవ్ర గాయం సెక్షనుకు దించారు. మీ కేసులో ఇనుము తగిలిందని తేలితే 118(2) అడగవచ్చు. కామ అయితే 117(2)తో తృప్తిపడండి. అదీ తక్కువేమీ కాదు.

మీ తమ్ముడి సలహా మాత్రం పాటించకండి. హత్యాయత్నం, అంటే సెక్షను 109, గాయం పెద్దదైతే వచ్చేది కాదు. చంపాలన్న ఉద్దేశం గానీ, చచ్చిపోతాడని తెలిసి చేసిన తెగింపు గానీ కావాలి. అసలు గాయమే లేకపోయినా అది పెట్టవచ్చు, ఒళ్లంతా గాయాలున్నా నిలవకపోవచ్చు. మర్నాడు స్టేషనులో ‘చెయ్యి మీద కొట్టారు’ అని చెప్పి, నెల తరువాత ‘మెడ మీద గురిపెట్టారు’ అంటే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. ఆ ఒక్క అబద్ధం దొరికితే విరిగిన చేతిని కూడా ఎవరూ నమ్మరు. మా వృత్తిలో మంచి కేసులు చాలావరకు ఇలాగే పోతాయి, ఇంట్లోవాళ్ల అత్యుత్సాహంతో. కోపం తగ్గక ఏదో ఒకటి చేర్చాలనిపిస్తే నిజమే చేర్చండి. వ్యవసాయానికి వెళ్లే నీళ్లను తగ్గించేలా నష్టం చేయడం కూడా నేరమే, సెక్షను 326 కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ రాత్రి వంతు మీదేనని లస్కరుకు (కాలువ నీళ్లు చూసే ఉద్యోగికి) తెలిసి ఉంటుంది. నీటి సంఘం వాళ్ల దగ్గర వంతుల కాగితం ఉంటే నకలు తీసుకోండి. తెగ్గొట్టిన బోదె గట్టు ఫోటో ఎవరి ఫోనులోనైనా ఉందేమో చూడండి.

ఇప్పుడు కొడవలి. మీరు ‘తగిలి’ అని రాశారు. ఆ పదం మీద నాకు కొంచెం అనుమానం ఉంది, ఏమీ అనుకోకండి. కోర్టులో ‘తగిలింది’ అంటే ప్రమాదవశాత్తు తగిలిందని అర్థం. ‘కాపాడుకోవడానికి విసిరాను’ అంటే ఆత్మరక్షణ. ఒకదానికొకటి పొసగని మాటలివి, రెండూ చెప్పడానికి వీల్లేదు. చెయ్యి విరిగాక మళ్లీ పార ఎత్తితే, ఇంకో తీవ్ర గాయం తప్పదన్న భయంతో విసిరితే, ఆత్మరక్షణ హక్కు మీ ఆయనకు ఉంది. బావగారు పార పడేసి వెనక్కి తిరిగాక విసిరితే ఆ హక్కు లేదు. ఉన్నపళంగా రెచ్చగొట్టడం వల్ల చేశారని తేలితే సెక్షను 122(1), నెల వరకు జైలు లేదా అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. అదే దారి మీ బావగారికీ ఉందని మరచిపోకండి. ఏది జరిగిందో మీ ఆయన తన లాయరుకు చెప్పాలి, మీ తమ్ముడికి కాదు.

నాన్ బెయిలబుల్ అన్నంత మాత్రాన రేపు పొద్దున్నే పట్టుకెళ్తారని బెంగపడకండి. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరమని కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదని 2014 నుంచి సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. మామూలుగా హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. నోటీసు వస్తే ఆ తేదీకి వెళ్లాలి. అది తప్పించుకుంటేనే అరెస్టుకు కారణం దొరుకుతుంది. ముందస్తు బెయిలు కావాలంటే సురక్షా సంహితలోని 482 సెక్షను. పాత చట్టంలో ఇదే నంబరు కేసు కొట్టివేయించుకోవడానికి ఉండేది. మా లాయర్లు కూడా ఇంకా తడబడుతూనే ఉన్నారు. రెండు కేసులూ ఒకే కోర్టులో ఒకదాని వెంట ఒకటి విచారించాలని అడగండి. లేకపోతే ఒక్కో కోర్టు సగం కథే వింటుంది. లాయరు ఫీజు భారమైతే మీ కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టండి, లేదా 15100కు ఫోను చేయండి. మహిళ అయిన మీరు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మీ ఆయన విషయంలో మాత్రం ఆదాయమో సామాజిక వర్గమో చూస్తారు.

పెద్దమనుషుల రాజీ. ‘వాపసు’ అన్న మాట ఊరి మాట. ఎఫ్ఐఆర్ అయ్యాక కేసు ప్రభుత్వానిది, మీరు జేబులో పెట్టుకుని వెనక్కి తెచ్చుకునే వస్తువు కాదు. చట్టంలో ఉన్నది రాజీ, అదీ కొన్ని సెక్షన్లకే. 115(2), 122 అయితే దెబ్బ తిన్న మనిషి నేరుగా రాజీ పడవచ్చు. 117(2) అయితే కోర్టు అనుమతి కావాలి. 118లో రెండూ రాజీకి లేనివే. మీ పెద్దమనుషులకు తెలియని మెలిక ఇదే. పంచాయతీలో ఇద్దరూ చేతులు కలిపినా, మీ బావగారి మీద కేసు మేజిస్ట్రేటు దగ్గర రాజీ అయిపోతుంది గానీ మీ ఆయన మీద ఉన్న 118(1) అలాగే ఉండిపోతుంది. నలభై వేలు తీసుకుని, ఇంటికి వచ్చి, ముద్దాయిగా వాయిదాలకు తిరుగుతారు. లోక్ అదాలత్‌లోనూ రాజీకి లేని నేరాలను తీసుకోరు. దాన్ని పోగొట్టాలంటే ఇద్దరూ కలిసి అమరావతిలోని హైకోర్టులో సురక్షా సంహిత సెక్షను 528 కింద పిటిషను వేయాలి. ఇలాంటి దాయాదుల తగాదాల్లో ఇరువర్గాలూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే హైకోర్టు కొట్టివేయడానికి అవకాశం ఉంది. హక్కుగా మాత్రం అడగలేం. కాబట్టి ముందు మీ మీది కేసు ఎలా ముగుస్తుందో కాగితం మీద తేల్చుకోండి, తరువాత డబ్బు మాట. ఖర్చులెవరు పెట్టుకుంటారో కూడా. ఖాళీ స్టాంపు కాగితం మీద ఎవరూ వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టకండి. రాజీ పడవలసింది దెబ్బ తిన్న మీ ఆయన. మీరు గానీ, పెద్దమనుషులు గానీ ఆయన తరఫున చేయలేరు.

నలభై వేలు చాలవో, ఎక్కువో నేను చెప్పను. కట్టు విప్పాక వేళ్లు పూర్తిగా ముడుచుకుంటున్నాయా, పట్టు ఉందా అన్నది తేలేదాకా ఏ అంకెకూ ఒప్పుకోకండి, అంతే. చెట్టెక్కేవాడికి ఎడమ చెయ్యి పట్టు ఎంత విలువైనదో ఆ పెద్దమనుషుల్లో ఎవరూ చెట్టెక్కి చూసి ఉండరు. శాశ్వతంగా పట్టు పోతే సెక్షను కూడా మారవచ్చు. 117(3) కింద శాశ్వత వైకల్యం తెచ్చినవాడికి కనీసం పదేళ్లు.

చివరిగా మీ తోడికోడలు. వెళ్లవచ్చు. ఏ చట్టమూ మిమ్మల్ని ఆపదు. మీ ఆయనకు బెయిలు షరతుల్లో సాక్షులను కలవకూడదని ఉంటే ఆయన మాత్రం వెళ్లకూడదు. మీరు వెళ్లినప్పుడు కేసు ఎత్తకండి. ఆ ఉదయం ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న చర్చ వద్దు, ఫోనులో రికార్డు చేసే తెలివితేటలు అంతకన్నా వద్దు. ఆమె కేసు ఎత్తితే ‘అది వాళ్లు చూసుకుంటారులే అక్కా’ అని లేచి వచ్చేయండి. ఆయన చేతికి కుట్లు విప్పారా అని అడగండి. ఎక్స్‌రే ఫిల్ము మాత్రం మీ ఇంట్లోనే ఉంచి వెళ్లండి, చూరులో కాదు, బీరువాలో.